నాన్‌లీనియర్ పారాబోలిక్ సమీకరణానికి సాధన ఉందని, అది ఒక్కటేనని నిరూపించడం ఎలా

ఎమ్మెస్సీలో పికార్డ్ సిద్ధాంతం చదివినవాళ్లకి మామూలు అవకలన సమీకరణాల దగ్గర ఈ ప్రశ్న పరిచయమే: సాధన ఉందా, ఉంటే ఒక్కటేనా? అదే ప్రశ్న పాక్షిక అవకలన సమీకరణాలకి, అందులోనూ నాన్‌లీనియర్ వాటికి వచ్చేసరికి చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. సోబోలెవ్ స్పేసుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు, వంద పేజీలు తిరగేసినా అసలు నిరూపణ ఎక్కడ మొదలవుతుందో అంతుపట్టదు. నా మాట వినండి, ముందు ఒకే ఒక్క సమీకరణం తీసుకోండి, దాన్నే చివరిదాకా అంకెలతో సహా లాగండి, థియరీ ఎక్కడ అవసరమో అక్కడికక్కడ అదే తెలుస్తుంది.

మనం తీసుకునేది ఇది. 0 నుంచి π వరకు పొడవున్న సన్నటి కడ్డీ, రెండు చివరలా ఉష్ణోగ్రత ఎప్పుడూ సున్నా, లోపల వేడి వ్యాపిస్తూనే ఎక్కడికక్కడ కొత్త వేడి పుడుతోంది (యు ఉష్ణోగ్రత, ఎక్స్ స్థానం, టి సమయం; ఇలా వేడి వ్యాపించే తరహా సమీకరణాలనే పారాబోలిక్ అంటారు, యు² ఉండటం వల్ల ఇది నాన్‌లీనియర్):

∂యు/∂టి = ∂²యు/∂ఎక్స్² + యు²

ప్రారంభ విలువ యు₀ = 4 సైన్ ఎక్స్. కుడివైపు మొదటి పదం వేడిని చల్లార్చాలని చూస్తుంది, రెండోది దాన్ని పెంచాలని చూస్తుంది. ఈ రెండింటి పోటీయే మొత్తం సబ్జెక్టు.

మొదటి అడుగు: సాధనని ఎక్కడ వెతుకుతున్నారో ముందే రాసుకోండి

అందరూ తొందరగా దాటేసేది ఈ అడుగే, తర్వాత అందరూ ఇబ్బంది పడేదీ ఇక్కడే. "సాధన ఒక్కటే" అన్న వాక్యానికి తనంతట తనకి అర్థం లేదు, "ఈ తరహా ఫంక్షన్లలో సాధన ఒక్కటే" అంటేనే దానికి అర్థం. దీనికి పెద్ద నాన్‌లీనియర్ ఉదాహరణ కూడా అక్కర్లేదు, మామూలు ఉష్ణ సమీకరణమే చాలు: కడ్డీకి బదులు రెండువైపులా అంతులేని గీత తీసుకుని, ప్రారంభ విలువ అంతటా సున్నా పెట్టినా సున్నా కాని సాధన ఉంటుందని 1935లో తిఖనోవ్ చూపించాడు. ఆ వింత సాధన దూరంగా వెళ్లేకొద్దీ భయంకరంగా పెరుగుతుంది. ఎక్స్ వర్గానికి ఎక్స్‌పొనెన్షియల్ ఎంత వేగంగా పెరుగుతుందో అంతకు మించి పెరగకూడదని ఒక షరతు పెడితే చాలు, ఏకైకత తిరిగి వచ్చేస్తుంది. అంటే ఏకైకత సమీకరణం ఒక్కదానిలో లేదు, మీరు గీసుకున్న హద్దులో కూడా ఉంది.

మన కడ్డీకి నేను ఎంచుకునే స్పేస్ చాలా సాదాసీదాది: 0 నుంచి π వరకు అవిచ్ఛిన్నంగా ఉండి, రెండు చివరలా సున్నా అయ్యే ఫంక్షన్లు. నార్మ్ అంటే గరిష్ఠ పరమమూల్యం. వర్గం చేసినా ఫంక్షన్ ఈ స్పేస్‌లోనే ఉంటుంది, అందుకే ఇది. వర్గ సమాకలనీయ ఫంక్షన్లు తీసుకుంటే యు² ఆ స్పేస్ దాటి బయటికి పోతుంది, అప్పుడు ఉష్ణ సమీకరణం చేసే నునుపుని వాడుకుని దాన్ని మళ్లీ లోపలికి లాక్కురావాలి. చెయ్యొచ్చు, కానీ మొదటిసారికి ఆ బరువు వద్దు.

రెండో అడుగు: అవకలజాలు వదిలించుకోండి

యు² లేని ఉష్ణ సమీకరణం మనకి పూర్తిగా తెలుసు. ప్రారంభ ఫంక్షన్‌ని టి సమయం తర్వాతి ఉష్ణోగ్రతగా మార్చే ఆపరేటర్‌ని జి(టి) అందాం. దాని గురించి ఇక్కడ కావలసింది ప్రధానంగా ఒకటే: అది నార్మ్‌ని పెంచదు, ఎందుకంటే గరిష్ఠ సూత్రం ప్రకారం బయటి నుంచి వేడి రాకపోతే అత్యధిక ఉష్ణోగ్రత పెరగదు. ఇప్పుడు డుహామెల్ సూత్రంతో (ప్రతి క్షణం పుట్టిన వేడిని అక్కడి నుంచి జితో వ్యాపింపజేసి అన్నింటినీ కూడటం) మన సమీకరణాన్ని ఇలా తిరగరాస్తాం:

యు(టి) = జి(టి) యు₀ + ∫ జి(టి − ఆర్) యు(ఆర్)² డిఆర్ (ఆర్ 0 నుంచి టి వరకు)

దీన్ని తీర్చే అవిచ్ఛిన్న ఫంక్షన్‌ని మైల్డ్ సాధన అంటారు. గమనించండి, అవకలజం ఒక్కటీ కనబడటం లేదు. ఇబ్బంది పెట్టే రెండో అవకలజం జి లోపలికి వెళ్లిపోయింది, అక్కడ అది మనకి హాని చెయ్యదు, పైగా మేలు చేస్తుంది. మామూలు అవకలన సమీకరణానికి పికార్డ్ చేసిన పని కూడా ఇదే కదా, ఇంటిగ్రల్ రూపంలోకి మార్చి పదేపదే ప్రతిక్షేపించడం.

మూడో అడుగు: కాంట్రాక్షన్ లెక్క, అంకెలతో

కుడివైపున్న మొత్తాన్ని ఒక మ్యాప్‌గా చూడండి. మీరొక యు ఇస్తే అది ఇంకో ఫంక్షన్ ఇస్తుంది. ఇచ్చిందే తిరిగి వస్తే అది సాధన. బనాక్ 1922లో ఇచ్చిన స్థిరబిందు సిద్ధాంతం వాడాలంటే రెండు విషయాలు సరిచూడాలి. ఒకటి, మ్యాప్ ఒక సంవృత సమితిని దాటి బయటికి పోకూడదు. రెండు, ఏ రెండు ఫంక్షన్ల మధ్య దూరాన్నైనా ఒకటికంటే తక్కువైన ఒక స్థిరమైన నిష్పత్తిలో తగ్గించాలి, దీన్నే కాంట్రాక్షన్ అంటారు. రెండూ తీరితే ఆ సమితిలో ఇచ్చిందే తిరిగి వచ్చే ఫంక్షన్ సరిగ్గా ఒకటి ఉంటుంది.

యు₀ నార్మ్ 4. సమయం 0 నుంచి టి వరకు నార్మ్ 8 దాటని ఫంక్షన్ల సమితి తీసుకుందాం. అందులో యు² ఎక్కువలో ఎక్కువ 64, జి దాన్ని పెంచదు, కాబట్టి మ్యాప్ ఇచ్చే ఫంక్షన్ నార్మ్ 4 + 64 టి దాటదు. ఇది 8 లోపల ఉండాలంటే టి ≤ 1/16 చాలు. ఇక దూరం సంగతి: యు² − వి² = (యు + వి)(యు − వి), మొదటి బ్రాకెట్ 16 దాటదు, కాబట్టి మ్యాప్ తర్వాత దూరం ముందున్న దూరానికి 16 టి రెట్లు దాటదు. అది సగం అయితే హాయిగా ఉంటుంది, అంటే టి = 1/32. మొదటి షరతు కూడా దీంతో తీరిపోతుంది, 4 + 2 = 6, ఎనిమిదికి లోపే.

అంతే, సమయం 1/32 వరకు సాధన ఉందని నిరూపించేశాం. ప్రారంభ నార్మ్ 4 బదులు ఎం అయితే ఇదే లెక్క టి = 1/(8ఎం) ఇస్తుంది. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, ఐదో అడుగుకి ప్రాణం ఇదే. సమయం యు₀ నార్మ్ ఎంతో దాని మీదే ఆధారపడింది, యు₀ ఆకారం మీద కాదు.

ఈ మైల్డ్ సాధన అసలు సమీకరణాన్ని తీరుస్తుందా అనే అనుమానం న్యాయమైనదే. తీరుస్తుంది. సమయం సున్నా దాటిన మరుక్షణం జి ఫంక్షన్‌ని నునుపు చేస్తుంది, దాంతో యు హోల్డర్ అవిచ్ఛిన్నమవుతుంది (రెండు బిందువుల దగ్గర విలువల తేడా వాటి మధ్య దూరపు ఏదో ఒక ఘాతానికి లోబడి ఉంటుంది), అప్పుడు యు² కూడా హోల్డరే, అప్పుడు అలాంటి పదం ఉన్న సమీకరణంలో సాధన అవకలజాలకి హద్దు ఇచ్చే షౌడర్ అంచనాల ప్రకారం రెండో అవకలజం, సమయ అవకలజం రెండూ వచ్చేస్తాయి. మెట్టు మీద మెట్టు ఎక్కడమే.

నాలుగో అడుగు: ఏకైకతకి విడిగా నిరూపణ రాయండి

బనాక్ సిద్ధాంతమే ఏకైకత కూడా ఇచ్చేసిందని అనుకుని ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. అది ఇచ్చింది నార్మ్ 8 దాటని సాధనల్లో ఏకైకత మాత్రమే. 8 దాటిన ఇంకో సాధన అదే యు₀ నుంచి బయలుదేరదని ఎవరు చెప్పారు? అందుకే గ్రోన్‌వాల్ అసమానత కావాలి: రుణాత్మకం కాని ఒక ఫంక్షన్ తన సొంత ఇంటిగ్రల్‌కి ఏదో స్థిరమైన రెట్లు దాటకపోతే అది సున్నాయే అని అది చెబుతుంది. యు, వి రెండూ 0 నుంచి టి వరకు మైల్డ్ సాధనలు అనుకోండి. రెండూ అవిచ్ఛిన్నమే కాబట్టి రెంటి నార్మ్‌కీ ఏదో ఒక హద్దు కె ఉంటుంది, అది ఎంత పెద్దదైనా ఫర్వాలేదు. వాటి తేడా నార్మ్‌ని డి(టి) అంటే

డి(టి) ≤ 2కె ∫ డి(ఆర్) డిఆర్

గ్రోన్‌వాల్ ప్రకారం డి అంతటా సున్నా. ఇప్పుడు నిజంగా ఏకైకత వచ్చింది, అవిచ్ఛిన్న సాధనలన్నింటిలోనూ.

ఇదే పనిని శక్తి పద్ధతిలోనూ చెయ్యొచ్చు, అది నేర్చుకోవడం తప్పనిసరి అంటాను, ఎందుకంటే డుహామెల్ పనిచెయ్యని చోట అదే దిక్కు. తేడా డబ్ల్యూ = యు − వి తీర్చే సమీకరణాన్ని డబ్ల్యూతోనే గుణించి కడ్డీ అంతటా ఇంటిగ్రేట్ చెయ్యండి. చివరల్లో సున్నా కాబట్టి రెండో అవకలజం పదం −∫ (∂డబ్ల్యూ/∂ఎక్స్)² అవుతుంది, అది రుణాత్మకం, మనకి అనుకూలమే, వదిలెయ్యొచ్చు. మిగిలేది ∫ డబ్ల్యూ² సమయంతో పెరిగే వేగం 4కె ∫ డబ్ల్యూ² దాటదనే అసమానత. మొదట్లో సున్నా, కాబట్టి ఎప్పుడూ సున్నా.

ఇక్కడ ఆగి యు² స్థానంలో √యు పెట్టి చూడండి, చివర్లని కూడా వేడి బయటికి పోకుండా మూసెయ్యండి. యు₀ = 0. సున్నా ఒక సాధన. టి²/4 ఇంకో సాధన: దాని అవకలజం టి/2, దాని వర్గమూలమూ టి/2. అంతేనా, ఏదో ఒక క్షణం వరకు సున్నాగా ఊరుకుని అక్కడి నుంచి అలా పెరగడం మొదలుపెట్టినా సాధనే, కాబట్టి సాధనలు అనంతం. సున్నా దగ్గర √యు వాలు అనంతం, లిప్‌షిట్జ్ షరతు (వాలుకి ఒక హద్దు ఉండాలనేది) లేదు, గ్రోన్‌వాల్ పట్టు తప్పింది. అదే √యు ముందు మైనస్ పెడితే? లిప్‌షిట్జ్ షరతు అప్పుడూ లేదు, కానీ ఏకైకత ఉంది. ఎందుకంటే శక్తి పద్ధతికి కావలసింది (ఎఫ్(యు) − ఎఫ్(వి))(యు − వి) ≤ ఎల్ (యు − వి)² అనే ఒకవైపు షరతు మాత్రమే (ఎఫ్ నాన్‌లీనియర్ పదం, ఎల్ ఒక స్థిరాంకం), తగ్గే ఫంక్షన్‌కి ఎల్ = 0తోనే అది తీరిపోతుంది. ఏకైకత గురించి ఒక్క అసమానతే గుర్తుంచుకోగలను అంటే దీన్నే గుర్తుంచుకోండి.

ఐదో అడుగు: సమయాన్ని పొడిగించండి

1/32 దగ్గర ఆగక్కర్లేదు. అక్కడ యు ఎంత ఉందో దాన్ని కొత్త ప్రారంభ విలువగా తీసుకుని మళ్లీ మూడో అడుగు వెయ్యండి, తర్వాత మళ్లీ. నార్మ్ ఒక హద్దు లోపల ఉన్నంతకాలం ప్రతి అడుగు పొడవూ 1/(8ఎం) కంటే తగ్గదు, కాబట్టి ఎక్కడా ఇరుక్కుపోం. దీని సారాంశం: సాధన శాశ్వతంగా ఉంటుంది, లేదా ఏదో ఒక పరిమిత సమయంలో దాని నార్మ్ అనంతానికి పోతుంది. మూడో దారి లేదు.

ఈ ప్రత్యామ్నాయం వల్ల మన పని మారిపోయింది చూడండి. ఇక సాధన ఉందా అని అడగక్కర్లేదు, ఉందనుకుని దాని నార్మ్ ఎంత దాటదో అంచనా కడితే చాలు. పరిశోధనలో అసలు శ్రమంతా ఈ ముందస్తు అంచనాల మీదే, స్థిరబిందువు లెక్క ఒక సాయంత్రం పని.

మనకి మొదటి అంచనా పోలిక సూత్రం ఇస్తుంది. వ్యాపనం లేని సమీకరణం వై′ = వై², వై(0) = 4 తీసుకుంటే వై = 4/(1 − 4టి). తేడా వై − యు అనేది ఒక లీనియర్ పారాబోలిక్ సమీకరణాన్ని తీరుస్తుంది, మొదట్లోనూ చివరల్లోనూ రుణాత్మకం కాదు, కాబట్టి గరిష్ఠ సూత్రం ప్రకారం లోపల కూడా కాదు. అంటే 0 ≤ యు ≤ 4/(1 − 4టి). కాబట్టి 1/4 వరకు సాధన ఖాయం. 1/32 నుంచి 1/4కి, ఎనిమిది రెట్లు వచ్చాం.

ఆరో అడుగు: శాశ్వతమా, పేలుడా

1/4 తర్వాత? ఇక్కడ కాప్లాన్ 1963లో వాడిన ఉపాయం ఉంది, ఈ సబ్జెక్టులో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే. యు మొత్తాన్ని కాకుండా సైన్‌తో తూచిన ఒక్క సగటునే చూడండి:

వై(టి) = ∫ యు · (సైన్ ఎక్స్)/2 డిఎక్స్

(సైన్ ఎక్స్)/2 ధనాత్మకం, దాని మొత్తం ఇంటిగ్రల్ 1, రెండుసార్లు అవకలనం చేస్తే మైనస్‌తో అదే తిరిగి వస్తుంది. కాబట్టి వై′ = −వై + (యు² సగటు). జెన్సెన్ అసమానత ప్రకారం వర్గాల సగటు సగటు వర్గానికి తక్కువ కాదు, అంటే వై′ ≥ వై² − వై. వై(0) ఒకటి దాటి ఉంటే ఇది పరిమిత సమయంలో అనంతానికి పోవాల్సిందే. మన యు₀కి వై(0) = 4 · π/4 = π, ఒకటి కంటే బాగా ఎక్కువ. ఎంత సమయం? లాగ్(π/(π − 1)), అంటే సుమారు 0.383. ఆ లోపే సాధన పేలిపోతుంది.

కాబట్టి మన సాధన ఆయుష్షు 0.25 కంటే తక్కువ కాదు, 0.384 కంటే ఎక్కువ కాదు. కంప్యూటర్ ఉంటే భేద పద్ధతిలో (అవకలజాల బదులు పక్కపక్క బిందువుల తేడాలు వాడి) సరిచూసుకోండి, సమయ అడుగు స్థల అడుగు వర్గంలో సగం దాటకుండా చూసుకోండి, గరిష్ఠ విలువ పెరిగేకొద్దీ ఇంకా చిన్నది చెయ్యండి. గరిష్ఠ విలువని కాకుండా దాని విలోమాన్ని గ్రాఫ్ గీస్తే అది చివర్లో దాదాపు సరళరేఖలా సున్నాకి దిగుతుంది, అది అక్షాన్ని తాకే చోటే పేలుడు సమయం.

4 బదులు చిన్న సంఖ్య సి పెట్టి, యు₀ = సి సైన్ ఎక్స్ తీసుకోండి. సి ≤ 1 అయితే సి సైన్ ఎక్స్ తానే పైహద్దు అవుతుంది, ఎందుకంటే దాన్ని సమీకరణంలో పెడితే కుడివైపు సి సైన్ ఎక్స్ (సి సైన్ ఎక్స్ − 1), ఇది ధనాత్మకం కాదు. అప్పుడు సాధన శాశ్వతం. సి 4/π దాటితే, అంటే సుమారు 1.27 దాటితే పేలుడు. ఈ రెంటి మధ్యలో ఎక్కడో గీత ఉంది, దాన్ని పట్టుకోవాలంటే నిశ్చల సాధనలని, అంటే సమయంతో మారని సాధనలని, లోతుగా చూడాలి.

కడ్డీ కాకుండా అనంతమైన గీత అయితే కథ పూర్తిగా వేరు. యు² బదులు యు ఘాతం పి, ఎన్ పరిమాణాల స్పేస్ అనుకోండి. పి విలువ 1కీ 1 + 2/ఎన్‌కీ మధ్యలో ఉంటే, రుణాత్మకం కాని, సున్నా కాని ప్రతి సాధనా పేలుతుందని 1966లో ఫుజిత నిరూపించాడు. ఒక పరిమాణంలో ఆ హద్దు 3, మన ఘాతం 2. అంటే ఎంత చిన్న నిప్పురవ్వ పెట్టినా ఆ గీత మీద పేలుడు తప్పదు. కడ్డీలో సి ≤ 1కి ప్రాణం పోసింది చల్లటి ఆ రెండు చివరలే.

నాన్‌లీనియర్ పదం యు − యు³ అయితే మాత్రం దిగులే లేదు. యు ఒకటి దాటిన చోట ఆ పదం రుణాత్మకం, కాబట్టి నార్మ్ ఎప్పుడూ 1, యు₀ నార్మ్‌లలో పెద్దదాన్ని దాటదు, ఐదో అడుగు ప్రకారం శాశ్వత సాధన.

ఏడో అడుగు: పై అవకలజమే నాన్‌లీనియర్ అయితే

∂యు/∂టి = ∂²(ఎ(యు))/∂ఎక్స్² లాంటివి, అంటే వాహకత ఉష్ణోగ్రతతో మారే పదార్థాలు. ఇక్కడ ముందే చేతిలో ఉండే జి లేదు, కాబట్టి డుహామెల్ నేరుగా కుదరదు. ఎ వాలు రెండు ధన సంఖ్యల మధ్య ఉంటే ఒక దారి: ఒక వి ఇచ్చి, వాహకతని వి దగ్గర బిగించి లీనియర్ సమీకరణం సాధించి యు తెచ్చుకుని, వి నుంచి యుకి వెళ్లే మ్యాప్‌కి 1930 నాటి షౌడర్ స్థిరబిందు సిద్ధాంతం వాడటం. ఇది అస్తిత్వం మాత్రమే ఇస్తుంది, ఏకైకత గురించి ఒక్క మాటా చెప్పదు.

ఇంకో దారి గాలెర్కిన్: సైన్ ఫంక్షన్లలో మొదటి కొన్నింటితో ఉజ్జాయింపు సాధన కట్టడం, శక్తి అంచనాతో అవన్నీ ఒక హద్దులో ఉన్నాయని చూపడం, అవధికి వెళ్లడం. ఈ చివరి మాటలో ఒక గొయ్యి ఉంది. హద్దులో ఉన్న అనుక్రమం నుంచి దొరికేది బలహీన అభిసరణ, అంటే సగటుల్లో మాత్రమే దగ్గరవ్వడం, అది వర్గాన్ని కూడా మొయ్యలేదు. సైన్ ఎన్ఎక్స్ తీసుకోండి, ఎన్ పెరిగేకొద్దీ బలహీనంగా సున్నాకి పోతుంది, కానీ దాని వర్గం 1/2కి పోతుంది, సున్నాకి కాదు. అందుకే సమయ అవకలజానికి కూడా ఒక హద్దు సంపాదించి ఓబాన్–లయన్స్ లెమ్మాతో బలమైన అభిసరణ తెచ్చుకోవాలి. నాన్‌లీనియర్ పదం గ్రేడియెంట్ మీదే ఉంటే అదీ చాలదు, అప్పుడు ఏకదిశత (ఆ పదం ఎప్పుడూ పెరిగేదే కావడం), దాన్ని వాడుకుని అవధిని పట్టుకునే మింటీ ఉపాయం కావాలి.

ఏకైకతకి మాత్రం చక్కటి దారి ఉంది. ఎ పెరిగే ఫంక్షన్ అయితే చాలు. యు, వి రెండు సాధనలు, డబ్ల్యూ వాటి తేడా. ఇక్కడ డబ్ల్యూతో గుణించకండి. −∂²హెచ్/∂ఎక్స్² = డబ్ల్యూ, చివరల్లో హెచ్ = 0 అయ్యే హెచ్‌ని కనుక్కుని దానితో గుణించి, రెండుసార్లు విభాగ సమాకలనం చెయ్యండి:

(1/2) డి/డిటి ∫ (∂హెచ్/∂ఎక్స్)² = −∫ (ఎ(యు) − ఎ(వి))(యు − వి) ≤ 0

మొదట్లో హెచ్ సున్నా, కాబట్టి ఎప్పుడూ సున్నా, డబ్ల్యూ కూడా. యు అవకలజాలు ఒక్కటీ ముట్టుకోలేదు, అదే దీని బలం. ఎందుకంటే రుణాత్మకం కాని యుకి ఎ(యు) = యు² పెడితే వచ్చే పోరస్ మీడియం సమీకరణంలో అవకలజాలే ఉండకపోవచ్చు. యు సున్నా అయిన చోట వాహకత కూడా సున్నా, వ్యాపనం అక్కడ ఆగిపోతుంది. ఒక బిందువు దగ్గర పోసిన ద్రవం అంతటా ఒక్కసారి పాకకుండా స్పష్టమైన అంచుతో, టి ఘనమూలం లెక్కన నెమ్మదిగా జరుగుతుంది, ఆ అంచు దగ్గర యు వాలు ఒక్కసారిగా విరుగుతుంది. ఇది 1952లో బరెన్‌బ్లాట్ రాసిన సాధన. అంచు చివరల్ని తాకనంతవరకు అది మన కడ్డీ మీద కూడా సాధనే, పై నిరూపణ దానికి అక్షరం మార్చకుండా వర్తిస్తుంది. క్లాసికల్ సాధనల్లోనే (అవకలజాలన్నీ ఉండేవాటిలోనే) వెతుకుతానని మొదటి అడుగులో రాసుకున్నవాళ్లకి మాత్రం ఇక్కడ సాధనే దొరకదు.